రుక్మాబాయి పిల్లుల దొడ్డి

నిజామాబాద్ పశువుల దవాఖానలో ఊడ్చే పని చేసే రుక్మాబాయికి లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. పాలవాడు చెంబు దించకముందే పాలలో వేలు ముంచి చూసేది. గుడికి తీసుకుపోయే కొబ్బరికాయనైనా చెవి దగ్గర పెట్టి నాలుగుసార్లు ఊపందే కొనేది కాదు. "మంచిగ మాట్లాడేటోడు వస్తే ఇంకింత పైలంగ ఉండాలె" అనేది.

ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని మన జనానికి భయం. అందుకని చంపరు. గోనెసంచిలో మూటకట్టి తెచ్చి, దవాఖాన గేటు ముందు వదిలి, వెనక్కి చూడకుండా పోతారు. అక్కడితో పాపం వదిలిపోయినట్టే! భర్త పోయాక రుక్మాబాయి ఆ పిల్లులను దవాఖాన వెనకున్న పాత దొడ్డిలో చేర్చి సాకసాగింది. అడిగినవాళ్లకు ఇచ్చేది. ఒకసారి ఎవరో పెద్దమనిషి ముసిముసిగా నవ్వుతూ రెండు కూనలను తీసుకుపోయి, వారం తిరక్కుండానే సంచిలో తెచ్చి అదే గేటు ముందు పడేసిపోయాడు. ఒకటి అప్పటికే చచ్చి ఉంది. ఆనాటి నుంచి పిల్లిని అడగవచ్చినవాళ్లకు పోలీసు ఠాణాలో కూడా అన్ని ప్రశ్నలు ఎదురయ్యేవి కావు.

1987 వానాకాలంలో రామ్‌దాస్ వచ్చాడు. మిలిటరీలో పదిహేనేళ్లు చేశాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఇప్పుడు బోధన్‌లో, చెరుకు బండ్లు నిలిచే చోట కావలి ఉంటున్నాడు. రుక్మాబాయి అడగ్గా అడగ్గా ఇంత మాత్రం చెప్పాడు. బొద్దుగా మెరిసే పిల్లులన్నింటినీ దాటిపోయి, ఒంటికన్ను పిల్లిని ఎంచుకున్నాడు. నెల తర్వాత వచ్చి కుంటిదాన్ని పట్టుకుపోయాడు. ఆ తర్వాత తోక తెగినదాన్ని.

"ముందుగాల తీస్కపోయినయి ఎట్లున్నయి?" అని ఆమె ప్రతిసారీ అడిగేది.

"సబ్ ఠీక్ అక్కా" అనేవాడు. సంచి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టేవాడు.

ఎలుకల కోసం తీసుకుపోతున్నాడా అంటే, కుంటి పిల్లి ఏం ఎలుకను పడుతుంది? ముద్దుకోసమా అంటే, ఒంటికన్ను పిల్లిని ఎవరు ముద్దు చేస్తారు? నాలుగోసారి వచ్చి, వేడినీళ్లు పడి వీపు కాలిన ముసలి పిల్లిని అడిగాడు. ఇచ్చింది గాని, కళ్లారా చూస్తే గాని నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం పొద్దున్నే బోధన్ బస్సెక్కింది.

అడిగి అడిగి పట్టుకున్న రామ్‌దాస్ గది తలుపు తీసే ఉంది. మనిషి లేడు. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, కొయ్యకు వేలాడుతున్న గోనెసంచి. పిల్లి లేదు, పిల్లికి పాలు పోసే చిప్ప కూడా లేదు. రుక్మాబాయి ఎవరినైనా అడుగుదామని బయటికొచ్చింది. పక్కింటి భీమవ్వ జ్వరంతో ఉన్న మనవరాలిని చంకనెత్తుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"పిల్లులా?" అంది భీమవ్వ. "సంచిల పట్టుకొస్తడు. తెల్లారి మల్ల సంచిల పట్టుకొని పోతడు. ఏం జేస్తడో ఎవలకెర్క?"

"బాణామతి గిట్ల చేస్తలేడు గదా అక్కా?"

అనేసింది. ఆ మాట ఎంత దూరం పోతుందో ఆలోచించకుండా అనేసింది. ఆ రోజుల్లో ఫలానావాడు బాణామతి చేసి జబ్బులు తెప్పిస్తున్నాడన్న పుకారు పుడితే చాలు, మనిషిని గుంజకు కట్టి పళ్లు ఊడగొట్టిన ఊళ్లున్నాయి. భీమవ్వ చెయ్యి గబుక్కున మనవరాలి నెత్తి మీదికి పోయింది. "అందుకేనా, వారం సంది పిల్ల కన్ను తెరుస్తలేదు?" అని లేచి నిలబడింది.

రామ్‌దాస్ ఖాళీ సంచితో సైకిల్ దిగేసరికి గల్లీ అంతా ఇంటి ముందుంది. అంగీ పట్టి గోడకు నెట్టారు. ఇద్దరి చేతుల్లో చెరుకుగడలున్నాయి.

"పిల్లులను ఏం జేసినవ్రా? చెప్పు!"

చెంప మీద ఒక దెబ్బ పడింది. అతను రుక్మాబాయి వైపు చూశాడు.

"అక్కా, నువ్వొక్కదానివి రా. నీకు సూపిస్త. వీళ్లకు జూపియ్య."

"నా జిమ్మ. నేనే తోల్కపోయి నేనే తోల్కొస్త" అని ఆమె గల్లీవాళ్లను ఒప్పించింది. వాళ్లు అతని సైకిల్‌ను పట్టి ఉంచుకున్నారు. ఇద్దరూ చెరుకు తోటల గట్ల మీద కోసెడు దూరం నడిచారు. ఆమె పది అడుగులు వెనకే నడిచింది, కొంగులో ఒక రాయి దాచుకుని మరీ.

పక్క ఊరి చివర కొట్టంలో ఒక మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పేరు బాపురావు, యుద్ధంలో రామ్‌దాస్‌తో ఒకే దళంలో ఉన్నవాడు. ఒడిలో ఒంటికన్ను పిల్లి నిద్రపోతోంది. అంతలో దారిన పోతున్న ట్రాక్టరు ఢామ్మని చప్పుడు చేసింది. అంత మనిషీ ఒక్క దుముకున మంచం కిందికి దూరి, చెవులు మూసుకుని గజగజ వణికిపోయాడు. పిల్లి నెమ్మదిగా కిందికి పోయి అతని రొమ్ముకు ఆనుకుని పడుకుంది. చాలాసేపటికి అతని ఊపిరి కుదుటపడింది. పిల్లిని ఎత్తుకుని బయటికొచ్చి, ఎవరినీ చూడనట్టే మళ్లీ మంచం మీద కూర్చున్నాడు.

"గిట్లాంటోళ్లు నలుగురున్నరు అక్కా. నలుగురు నాలుగు ఊర్లల్ల" అన్నాడు రామ్‌దాస్ బయటికొచ్చాక. "ఊరోళ్లకు తెలిస్తే పిచ్చోళ్లంటరు. ఎవలకు చెప్పనని ఒట్టేసిన. మంచి పిల్లి మాకెందుకు, మా లెక్క దెబ్బ తిన్నదే తే అన్నరు."

రుక్మాబాయి కొంగులోని రాయిని గట్టు పక్కన పడేసింది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తిరిగి వచ్చేసరికి జనం ఇంకా అక్కడే ఉన్నారు. "పిల్లులు మంచిగున్నయి. నేను సూసిన" అంది.

"ఎవలింట్ల?" అంది భీమవ్వ.

"అది చెప్ప."

"చెప్పకపోతే మేమెట్ల నమ్మాలె?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రుక్మాబాయి లోకాన్ని అడిగిన ప్రశ్నే అది. ఇప్పుడు తననే అడుగుతున్నారు. చెరుకుగడలు మళ్లీ పైకి లేస్తున్నాయి. బాణామతి చేసేవాడని పేరు పడితే వాడి చేతి మంచినీళ్లు కూడా ఎవరూ ముట్టరు, ముడితే ప్రాణం మీదికొస్తుందని భయం. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఎంతైనా ఆమె మనసులోనూ ఆ భయం ఒక మూల ఉండనే ఉంది.

"తమ్మీ, ఆకలైతుంది" అంది గట్టిగా, అందరికీ వినపడేటట్టు. "ఇంట్ల రొట్టె ఉంటే పెట్టు."

రామ్‌దాస్ పొద్దున కాల్చుకున్న జొన్నరొట్టె, ఇంత కారం తెచ్చి మూడు వేళ్ల చేత్తో ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గడప మీద కూర్చుని అందరి ముందూ తినసాగింది. చెంబెడు నీళ్లు అడిగి గటగటా తాగింది.

"సూసిండ్రు గదా? నాకేమన్న అయితే అప్పుడు వీన్ని కొట్టుండ్రి. నువ్వు ముందు పిల్లను దవాఖానకు తీస్కపో భీమవ్వా!"

ఒక్కొక్కరే కదిలారు. భీమవ్వ కాసేపు నిలబడి చూసి, మనవరాలిని భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచింది. గడప దగ్గర ఇద్దరే మిగిలారు. రుక్మాబాయికి అప్పుడు తోచింది.

"నలుగురున్నరంటివి. నాలుగు పిల్లులు తీస్కపోతివి. అండ్ల నువ్వు గూడ ఉన్నవా?"

"నేను గాక నలుగురున్నరు అక్కా. నాతోని అయిదుగురం."

"మరి నీకేది?"

రామ్‌దాస్ చినిగిన అంగీ సర్దుకున్నాడు. "వాళ్ల కోసం అడిగేటప్పుడే నన్ను దొంగ లెక్క సూస్తివి. ఇంక నాకని అడగనీకి దైర్యం చాలలేదు" అన్నాడు.

రుక్మాబాయి ఆఖరి రొట్టెముక్క నోట్లో వేసుకుని, కొయ్యకున్న గోనెసంచి తీసి అతని చేతికిచ్చింది: "నడు తమ్మీ, దొడ్డికి పోదాం."