పసుపు అంటని ఆ ఒక్కరోజు

ఆంటీ పోయారన్న కబురు కెనడాలో మా సస్కటూన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో చూశాను. పైన ఎవరో వింటర్ టైర్లు అమ్ముతున్నారు, కింద ఎవరో కరివేపాకు మొక్క ఇస్తామంటున్నారు. మధ్యలో ఆంటీ. నిద్రలోనే అట. అప్పటికి నేను బస్సులో ఉన్నాను. సీట్లు ఖాళీగానే ఉన్నా నిలబడే ఉన్నాను. కుదురుగా కూర్చోలేనని ఆంటీ నన్ను ఎప్పుడూ వెక్కిరించేవారు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

అప్పటికి ఎన్నికలు ప్రకటించి వారం కూడా కాలేదు.

మేమిద్దరం ఒక విత్తనాల ల్యాబ్‌లో పనిచేశాం. రైతులు పంపిన గోధుమ, కనోలా అనే నూనెగింజ, ఎర్రపప్పు గింజల్ని తడి కాగితం మీద పరిచి, ట్రేల్లో పెట్టి, ఏడో రోజున ఎలా మొలిచాయో చూసి చెప్పడం మా పని. అందరిలోకీ ఆంటీయే సీనియర్. పొలాల నుంచి వచ్చిన తెల్లకుర్రాళ్ళు కూడా ఆవిడని ‘ఆంటీ’ అనేవాళ్ళు, అదే ఆవిడ పేరనుకుని. ఆవిడ ఎప్పుడూ సరిదిద్దలేదు.

ఎన్నికలు వస్తున్నాయంటే ఆంటీ లంచ్‌రూమ్‌లో మైక్రోవేవ్‌కి అడ్డంగా నిలబడేవారు. అన్నం వేడిచేసుకోవాలంటే ఆవిడ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిందే.

"అందరూ ఓటేస్తారు, సరే. వేయించడానికి ఎవరొస్తారు?"

పోలింగ్ పనికి వెళ్ళేవాళ్ళకి ఆ రోజు జీతంతో సెలవు ఇవ్వమని పాత ఓనర్‌ని ఒప్పించింది ఆవిడే. ఆయన మొదట ససేమిరా అన్నాడట. "మీ గింజలకి ఓటు లేదు, మీ రైతులకి ఉంది. వాళ్ళొచ్చేసరికి బల్ల వెనకాల మనిషి లేకపోతే ఎలా?" అని అడిగారట ఆంటీ.

నా వంతు వచ్చినప్పుడు నేను తప్పించుకోవాలని చూశాను. "నాకు ఒకచోట కాలు నిలవదు ఆంటీ. రోజంతా కుర్చీలో నావల్ల కాదు."

"అయితే గుమ్మం దగ్గర నిలబడు. వచ్చినవాళ్ళకి ఏ బల్లకి వెళ్ళాలో చూపించు. తిరగడానికే జీతం, ఇంకేం కావాలి నీకు?"

ఆసారి పోలింగ్ ఒక స్కూలు ఆటల హాల్లో. మధ్యాహ్నం నేను ఆవకాయ అన్నం డబ్బా తెరిచానో లేదో, ఆ చివర బల్ల దగ్గరున్న ఆంటీకి వాసన తగిలింది.

"మూత పెట్టు! కారులో తిని, సబ్బుతో కడుక్కుని రా."

"అన్నం తినడం కూడా తప్పేనా?"

"రోజూ తిను, ఎవరొద్దన్నారు? ఈ ఒక్కరోజు వద్దు. నీ వేలి పసుపు ఎవరి బ్యాలెట్‌కో అంటుకుందనుకో, లెక్కపెట్టేటప్పుడు ఇదేం గుర్తు అంటారు. పాపం ఎవరో చలిలో పడి వచ్చి వేసిన ఓటు నీ ఊరగాయకి బలి."

రోజూ గోంగూర లేనిదే ముద్ద దిగని ఆవిడ, ఆరోజు మాత్రం ఉత్త చీజ్ సాండ్‌విచ్ తెచ్చుకుని చప్పగా నమిలారు. "మీ అంకుల్ చూస్తే సంబరపడతారు, నాకు శిక్ష పడిందని."

సాయంత్రం ఆ అంకులే వచ్చారు. రిటైరైన ఇంజనీర్, మాటకారి. సరిగ్గా ఆంటీ బల్ల ముందుకొచ్చి నవ్వుతూ నిలబడ్డారు.

"మీ పేరు, అడ్రస్ చెప్పండి."

"ఇదేం చోద్యమే! పొద్దున కాఫీ ఇచ్చి వచ్చావు."

"గుర్తింపు కార్డు చూపించండి సర్."

"సర్ ఏమిటే? పర్సు కారులో ఉండిపోయింది."

"తెచ్చుకోండి సర్. వెనక జనం ఉన్నారు."

తెలుగు రాకపోయినా లైన్లో అందరికీ అర్థమైపోయింది. నవ్వులే నవ్వులు. అంకుల్ "ఇంటికి రా, చెప్తా" అని గొణుక్కుంటూ ఈదురుగాలిలోకి వెళ్ళి, కార్డు తెచ్చి చూపించారు. అప్పుడుగానీ ఆవిడ బ్యాలెట్ ఇవ్వలేదు. నవ్వలేదు కూడా.

"మరీ అంత అవసరమా ఆంటీ?" అన్నాను తర్వాత.

"తెలిసినవాణ్ణి వదిలేస్తే, తెలియనివాణ్ణి ఏ మొహంతో అడుగుతాను? ల్యాబ్‌లో శాంపిల్ ఎవరి పొలందో చూసి మొలకలు లెక్కపెడతామా?"

మొన్న చలికాలంలో నాకు మాంట్రియల్‌లో ఉద్యోగం వచ్చింది. ఈ ఊరు, ఈ ట్రేలు, ఈ చలి, అన్నిటి నుంచీ ఎప్పుడు బయటపడదామా అని ఉంది నాకు. ఆంటీకి చెబితే చేతిలో పని ఆపకుండానే అన్నారు: "వెళ్ళు. కానీ వచ్చే ఎన్నికకి నా పక్కన కూర్చుని మరీ వెళ్ళు. గుమ్మం దగ్గర కాదు, బల్ల దగ్గర. నా తర్వాత ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా." సరేనన్నాను. అనడానికేం, ఎన్నయినా అంటాం.

దహనం అయిన మర్నాడు కొత్త మేనేజర్ అందరినీ పిలిచి చెప్పాడు. విత్తే సీజన్ దగ్గరపడింది, శాంపిళ్ళు గుట్టలుగా పడుతున్నాయి, ఈసారి పోలింగ్ సెలవు ఎవరికీ లేదు. "అదంతా ఆంటీ పెట్టుకున్న వ్యవహారం. ఆంటీ లేరు కదా ఇప్పుడు."

అందరూ ట్రేల దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఊరుకుంటే ఆ ఆనవాయితీ అక్కడితో సరి. నేనూ ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే, నాకెందుకు? ఇలా అనుకుంటూ వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి ఆయన గదిలోకి వెళ్ళాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"పోలింగ్ రోజున చూడాల్సిన ట్రే ఒక్కటీ ఉండదు. సరిగ్గా వారం ముందు ట్రేలు పెట్టడం మానేసి, దానికి ముందురోజూ తర్వాతరోజూ రెట్టింపు పెడదాం. ఆంటీ ప్రతిసారీ అలాగే చేసేవారు."

"ఆ రెట్టింపు పని ఎవరు చేస్తారు?"

"నేను."

"నువ్వు వెళ్ళిపోతున్నావుగా?"

"అయ్యాక వెళ్తా."

ఆయన క్యాలెండర్ తిప్పి తేదీలు లెక్కపెట్టుకున్నాడు. "ఒక్క రిపోర్ట్ ఆలస్యమైనా సరే, ఇదే ఆఖరుసారి" అన్నాడు చివరికి. చేరే తేదీ వెనక్కి జరపమని మాంట్రియల్‌కి మెయిల్ పెట్టాను. వాళ్ళు ఆగుతారో లేదో తెలియకుండానే ట్రేలు పెట్టడం మొదలుపెట్టాను.

ఒక్క రిపోర్టూ ఆగలేదు. పోలింగ్ రోజు పొద్దున్నే వెళ్ళి ఆంటీ కుర్చీలో కూర్చున్నాను. బల్ల కింద మోకాళ్ళు ఒకటే ఆడుతున్నాయి. సంచిలో చీజ్ సాండ్‌విచ్. గంటకోసారి లేచి పారిపోవాలనిపించింది. బల్ల ముందు మనిషి ఉండగా లేవడం కుదరదని అప్పుడే తెలిసింది.

సాయంత్రం అంకుల్ వచ్చారు, ఒక్కరే. నా ముందు నిలబడ్డారు. ఆయన ఎవరో నాకు తెలుసు, ఏ ఇంటి నుంచి వచ్చారో తెలుసు. అడగకుండానే జాబితాలో ఆయన పేరు వెతకబోయాను.

"అడుగమ్మా. ఆవిడైతే ఈపాటికి అడిగేసేది."

"మీ పేరు, అడ్రస్ చెప్పండి... సర్."

నిదానంగా చెప్పారు. కార్డు ఈసారి కారులో లేదు, గుప్పిట్లోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టారు. దాని మూలన పసుపు మరక, ఇంకా ఆరకుండా. మొన్నమొన్నటిదాకా స్టవ్ ఎలా వెలిగించాలో ఎరగని మనిషి.

నేను చూడటం ఆయన చూశారు. అరచెయ్యి కోటుకి ఒకసారి తుడుచుకుని, తిప్పి మళ్ళీ తుడుచుకున్నారు. నేనూ నా వేళ్ళు తుడుచుకుని బ్యాలెట్ మడిచి ఇచ్చాను.

ఓటు వేయడానికి పక్క బల్ల మీద నిలబెట్టిన అట్ట తెర వెనక్కి వెళ్ళారు. ఆ బల్ల కింద నుంచి ఆయన బూట్లు కనిపిస్తున్నాయి, వాటి చుట్టూ కరిగిన మంచు నీళ్ళు. చాలాసేపు అవి కదల్లేదు. నా కాళ్ళు కూడా.