మా ఆయన తొడుక్కున్న గాజు

నర్సుగా చేరిన కొత్తలో నా చేతులు నావి కావు. పగలు హెడ్ సిస్టర్‌వి, ఇంటికొచ్చాక మా అత్తవి. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో హెడ్ సిస్టర్ మాట ఒక్కటే: రోగిని ముట్టుకునే ముందూ, ముట్టుకున్నాకా చేతులు సబ్బుతో కడగాలి, గాజులూ ఉంగరాలూ ఉంటే వాటి కింద మురికి దాక్కుంటుంది కాబట్టి ఉండకూడదు. జమ్మలమడుగులో మా అత్త మాటా ఒక్కటే: మొగుడున్న ఆడది గాజులు తీయకూడదు. నాకు ఇద్దరన్నా హడలే. అందుకని పొద్దున ఆసుపత్రి మెట్ల దగ్గర రెండు బంగారు గాజులూ, మట్టిగాజులూ తీసి గుడ్డలో చుట్టి సంచిలో వేసేదాన్ని, సాయంత్రం బస్సులో మళ్లీ తొడుక్కునేదాన్ని. నాకింత తెలివి ఎక్కడిదా అని నాకే ముచ్చటేసేది.

ఆ తెలివి మా అత్త తొడ మీద గడ్డ లేచేదాకానే. గడ్డ కోసి, తెచ్చి నా వార్డులోనే పడుకోబెట్టారు. నన్ను వేరే వార్డుకు మార్చమని హెడ్ సిస్టర్‌ను బతిమాలితే, “సొంత అత్తకు చెయ్యనిదానివి ఊరోళ్లకేం చేస్తావమ్మా?” అంది. మర్నాడు కట్టు మార్చడానికి చేతులు కడుక్కుని వెళ్లాను. అత్త నా మొహం చూడలేదు, ముంజేతులే చూసింది.

“ఏందే ఇది! నా కొడుకు బాగుండాడా, లేదా?” అని గుండె బాదుకుంది. వార్డంతా లేచి కూర్చుంది. (పక్క మంచం అవ్వ, సంగతేమిటో తెలియకుండానే ముక్కు చీదడం మొదలుపెట్టింది.) గాజులతో కట్టు మారిస్తే పుండులో చీము పడుతుందని చెప్పబోయాను.

“పడితే పడనీ. బోడి చేతుల్తో నన్ను ముట్టుకోవాకు. నేనింటికి పోతా.”

కట్టు తడిసి ఉంది. ఆమెకు షుగరు, పుండు చెడితే కాలికే మోసం. గాజులు వేసుకుంటే నా ఉద్యోగం పోతుంది, వేసుకోకపోతే కాపురం. ఏడుపు దిగమింగి మా ఆయనకు ఫోన్ చేశాను.

మైలవరం ఆటో నడిపే మా ఆయన జనాన్ని ఎక్కడ దింపేశాడో గానీ, వచ్చి ఊడిపడ్డాడు. “అమా, నేను ఈడే ఉండా, సావలేదు. ఆ పిల్లను కట్టు కట్టనీ.”

“నువ్వు బతికుండావని దాని చేతులు చెప్పల్లరా, నువ్వు గాదు.”

మా ఆయనకు కోపమొస్తే ఆలోచించడు. (రాకపోయినా అంతే.) నా సంచిలోంచి బంగారు గాజు తీసి, “సరే, నేనేసుకుంటా. ఇంట్లో ఎవురో ఒకరు ఏసుకుంటే సాలు గదా!” అని తన చేతికి ఎక్కించాడు. అది వేళ్ల గణుపుల మీద ఇరుక్కుపోయింది. మా సీమలో మగాణ్ణి తిట్టాలంటే గాజులు తొడుక్కున్నావా అని అడుగుతారు. అలాంటిది ఇంతేసి మీసాలున్న కొడుకు, వార్డు మధ్యలో, చేతికి గాజుతో! మా అత్త మొహాన నెత్తురు చుక్క లేదు.

“తీయరా, మానం పోతాంది! ఏమ్మే, చూస్తాండావేంది? ముందు వాని చేతిది తియ్. తర్వాత నా కట్టు మార్చు. నీ చేతులెట్లుంటే నాకేంది!”

ఆయన్ను సింకు దగ్గరికి లాక్కెళ్లి, వేళ్ల సందుల్లో, చేతి వెనకాల సబ్బు పెట్టి రుద్దితే గాజు ఊడొచ్చింది. మా ఆయన చేతులు పెళ్లినాడు కూడా అంత తెల్లగా లేవు. నేను మళ్లీ కడుక్కుని కట్టు మార్చాను.

మర్నాడు డాక్టరుగారు పుండు చూడటానికి వచ్చారు. నాలుగు వేళ్లకు నాలుగు రాళ్ల ఉంగరాలు. వాటిని తీయమనే మాట హెడ్ సిస్టర్ నోట కూడా ఎన్నడూ రాలేదు. మా అత్త కాలు వెనక్కి లాక్కుంది.

“అప్పా, ముందు అవి తీసి, చెయ్యి కడుక్కోని రాప్పా. నా కోడలు గాజులే తీసింది.”

డాక్టరుగారు ఉంగరాలు ఒక్కొక్కటే తీస్తూ సింకు వైపు నడిచారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఇప్పుడు నేనే హెడ్ సిస్టర్‌ని. కొత్త పిల్లల చేత గాజులు తీయించేటప్పుడు గొంతు ఖంగుమంటుంది. ఉంగరాలున్న డాక్టరు లోపలికొస్తే మాత్రం ఎందుకో దగ్గొస్తుంది. అప్పుడు ఏదో ఒక మంచం మీద మా అత్త ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.