పొద్దుగూకితే జుమ్మనే సర్వర్

2008వ సంవత్సరం, మార్చి చివరి వారం. ఖమ్మంలో మా షాపు పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. బయట బోర్డు మీద ఇంకా 'రేడియో, టేప్‌రికార్డర్ రిపేర్లు' అనే ఉండేది. లోపల నేను చేస్తున్న పని మాత్రం వేరు. మ్యూజిక్ సర్వర్లు కట్టేవాణ్ణి. జిల్లాలో ఆ పని చేసేవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. ఉంటే నా దగ్గరికి వచ్చి చూసిపోయేవాడు.

మ్యూజిక్ సర్వర్ అంటే పాటలు దాచుకోవడం, అడిగిన పాట వినిపించడం తప్ప మరో పని తెలియని కంప్యూటర్. అందులో ఫ్యాన్ ఉండదు, ఫ్యాన్ చప్పుడు పాటలో కలుస్తుంది కాబట్టి. సీడీలో ఉన్న సంగీతాన్ని హార్డ్ డిస్క్ మీదికి ఎక్కించడాన్ని రిప్పింగ్ అంటాం. ఎంపీత్రీ లాగా కుదించం, ఒక్క ముక్క కూడా పోనివ్వం. దాన్ని లాస్‌లెస్ అంటాం. సర్వర్ పక్కన డాక్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అది అంకెల్ని మళ్లీ సంగీతంగా మార్చి ఆంప్లిఫయర్‌కి అందిస్తుంది. "పాటలు వినడానికి ఇంత తతంగమా? బజార్లో దొరికే ప్లేయర్ చాలదా?" అని నవ్విన పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి ఒక వీణ సీడీ వినిపించేవాణ్ణి. లేచేటప్పుడు ఒక్కడు నవ్వితే ఒట్టు.

మంచి సిస్టమ్‌ని పాటతో పరీక్షించకూడదు. పాటకీ పాటకీ మధ్య ఖాళీతో పరీక్షించాలి. ఆ ఖాళీలో స్పీకరు దగ్గర చెవి పెడితే ఏమీ వినపడకూడదు. నేను కట్టిన సర్వర్లలో ఏమీ వినపడేది కాదు. నా గర్వమంతా అక్కడే ఉండేది.

రాఘవయ్య గారిది దుమ్ముగూడేనికి ఇవతల గోదావరి పక్కన ఊరు. వాళ్ల నాన్నగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మిరప, మొక్కజొన్న సాగు. ఆయనకు నాదస్వరమన్నా వీణన్నా ప్రాణం. ఆరువందల సీడీలు కొన్నారు. గోదావరి చెమ్మకి వాటికి బూజు పట్టడం మొదలైంది. "ఇవి పోతే నేను పోయినట్టే మాస్టారూ" అంటూ అట్టపెట్టెల్లో వేసుకుని ఖమ్మం వచ్చారు. రెండు నెలలు కూర్చుని ఒక్కొక్క సీడీ తుడిచి రిప్ చేశాను. మార్చి మొదట్లో సర్వర్ తీసుకెళ్లి ఆయన పాటల గదిలో పెట్టి వచ్చాను. ఆయన కళ్లు మూసుకుని గంటసేపు విని, లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

మూడు వారాలకు ఫోన్ చేశారు.

"మాస్టారూ, మీ సర్వర్ పొద్దుగూకితే ఏడుస్తోందండీ. జుమ్మని ఒకటే మోత."

"పగలు ఎట్లుంది?"

"పగలు బంగారం. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పట్టుకుంటుంది. పొద్దున్నే మళ్లీ ఏమీ ఎరగనట్టు ఉంటుంది. పక్కూరి నుంచి బావగారు వచ్చి విని, ఇంత పోసి దోమల మోత కొన్నావా అన్నాడండీ."

నాకు ఒళ్లు మండింది. బావగారి మీద కాదు, నా మీదే. మర్నాడే సంచీ సర్దుకుని భద్రాచలం బస్సెక్కాను.

మధ్యాహ్నం రెండింటికి వాళ్లింట్లో ఉన్నాను. అన్నీ విప్పి చూశాను. కేబుళ్లు బాగున్నాయి, డాక్ బాగుంది. స్పీకరుకి చెవి ఆనిస్తే పూర్తి నిశ్శబ్దం. ఆ గదిలో అదే ఆంప్లిఫయర్‌కి కలిపి ఆయన రేడియో వినే ట్యూనర్ కూడా ఉంది. దాని ఏంటెనా ఇంటి వెనక పొడవాటి ఇనప స్తంభం మీద ఉండేది. పిడుగు పడితే కరెంటు నేలలోకి పోవాలని ఆ స్తంభానికి విడిగా ఒక ఎర్త్ కడ్డీ పాతించింది నేనే. ఇంటి కరెంటుకు వేరే ఎర్త్ ఉంది, అది ముందు వైపు బావి దగ్గర. రెండు ఎర్తులూ ఒకే భూమిలో ఉన్నాయి కాబట్టి వాటి మధ్య ఓల్టేజీ ఉండకూడదు. మీటరు పెట్టి చూశాను, ముల్లు సున్నా మీదే ఉంది.

"మాస్టారు వచ్చారని తెలిసి నోరు మూసుకున్నట్టుంది" అన్నారు రాఘవయ్య గారు. ఆ మాటకు నవ్వలేకపోయాను.

వాళ్లింట్లో పనిచేసే భద్రమ్మ గడప దగ్గర కూర్చుని నాదస్వరం వింటోంది. పక్క కోయగూడెం మనిషి. పాట అయ్యాక లేచి, "అయ్యా, రేపు పనికి జర ఆలస్యమైతది" అంది.

"ఏం భద్రమ్మా?"

"ఇప్పపువ్వు రాలుతాంది. గిన్ని దినాలు ఊరి పక్క చెట్లకాడికే పోయినం. ఆడ అయిపోయింది. రేపటి సంది వాగు అవతలికి పోవాలె. పశువులు తినకముందే చీకట్ల లేచి మక్కచేను గట్టు పట్టుకొని పోతం."

"చీకట్లో ఒక్కదానివే పోతావా?" అనడిగాను.

"ఒక్కదాన్ని ఎందుకు పోత సారూ? గూడెం ఆడోళ్లం అందరం. పిల్లలు గూడ వస్తరు, గంపలు పట్టాలె గద."

సరేలే అన్నారు రాఘవయ్య గారు. ఆమె వెళ్లిపోయింది. నేను మళ్లీ నా పనిలో పడ్డాను.

ఆరూ నలభై ఐదుకి మొదలైంది. వీణ ఆగిన చోట, ఆ ఖాళీలో, జుమ్మ్ అని. మా భాషలో హమ్ అంటాం. మెత్తగానే ఉంది కానీ, ఒకసారి చెవిన పడ్డాక ఇంకేదీ విననివ్వదు. బజారు ప్లేయర్‌లో అయితే అది ఎవరికీ తెలియను కూడా తెలియదు. నా సర్వర్ అంత నిశ్శబ్దంగా ఉండబట్టే వినపడింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా వృత్తిలో హమ్‌కి ఒక దొంగమందు ఉంది. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను ఎర్తుది. దాని వైరు పీకేస్తే పదింటిలో తొమ్మిదిసార్లు హమ్ పోతుంది. ఆ వైరు ఉన్నది మనిషికి షాక్ కొట్టకుండా కాపాడటానికి. అయినా పీకేసేవాళ్లం. కస్టమర్ మొహం వెలుగుతుంది, మనం బస్సెక్కుతాం. ఆ రోజు నేనూ అదే చేశాను. హమ్ పోయింది.

"అబ్బ, ఎంత హాయిగా ఉంది మాస్టారూ" అని రాఘవయ్య గారు కుర్చీలో వెనక్కి వాలారు. లోపల్నుంచి టీ వచ్చింది. ఆఖరి బస్సుకి ఇంకా టైముంది.

టీ గ్లాసు చేతిలో ఉంది కానీ తాగబుద్ధి కాలేదు. పదిహేడేళ్ల వయసులో నేను పని నేర్చుకున్న షాపులో మా గురువు ఎన్నోసార్లు తిట్టిన తిట్టు గుర్తొచ్చింది. "హమ్ నోరు మూస్తే సరిపోద్దిరా సన్నాసీ? అది ఎందుకు మొత్తుకుంటుందో అడిగినవా?" అనేవాడు. నేను అడగలేదు. పగలు లేనిది సాయంత్రం ఎందుకు వస్తోంది? ఎవరో గడియారం చూసి స్విచ్ వేసినట్టు రోజూ అదే వేళకి ఎందుకు వస్తోంది?

గ్లాసు పక్కన పెట్టి మీటరు తీశాను. గోడ సాకెట్లోని ఎర్త్‌కీ, ఏంటెనా కేబులు ఎర్త్‌కీ మధ్య పెట్టాను. మధ్యాహ్నం సున్నా ఉన్న చోట ముల్లు తొమ్మిది ఓల్టులు చూపించింది.

"రాఘవయ్య గారూ, ఇంటి మెయిన్ ఆపండి."

"ఎందుకండీ, బాగైపోయిందిగా?"

"ఆపండి, చెప్తా."

ఆపారు. ఇల్లంతా చీకటైంది. టార్చ్ వెలుగులో చూస్తే ముల్లు తొమ్మిది మీద నుంచి కదల్లేదు. అంటే తప్పు మా సర్వర్‌ది కాదు, ఈ ఇంటి కరెంటుదీ కాదు. బయట ఎక్కడో, ఎవరో నేలలోకి కరెంటు వదులుతున్నారు.

"దగ్గర్లో మోటారు ఏదైనా నడుస్తుందా?"

"మోటార్ల కరెంటు రాత్రి పదికి గానీ రాదండీ."

సంచీలో ఎప్పుడూ ఒక చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఉంటుంది నాకు. మీడియం వేవ్‌లో స్టేషను లేని చోట పెట్టి నడిస్తే, కరెంటు ఎక్కడైనా చిటపటలాడుతుంటే అది గరగరమని చెప్పేస్తుంది. పాత లైన్‌మెన్లు కూడా ఇలాగే వెతికేవాళ్లు. దాన్ని పట్టుకుని పెరటి గుమ్మం దాటాను. వెనకే చేతికర్రతో రాఘవయ్య గారు. బావి వైపు తిప్పితే రేడియో పలకలేదు. స్తంభం దాటి మొక్కజొన్న చేను వైపు నాలుగడుగులు వేస్తే గరగర మొదలైంది. ఇంకో పది అడుగులకు చెవులు హోరెత్తాయి. చెయ్యి అడ్డం పెట్టి ఆయన్ని ఆపేశాను.

"ఇంకొక్క అడుగు కూడా వేయొద్దు."

టార్చ్ వేశాను. గట్టు అంచున, మోకాలి ఎత్తులో, కర్రపుల్లలకు కట్టిన సన్నటి ఇనప తీగ. ఆ రోజే తడి పెట్టిన చేను, కొన్ని చోట్ల తడి ఆకులు తీగకు తగిలి చిటచిటమంటున్నాయి. వాటి గుండా నేలలోకి దిగిన కరెంటే స్తంభం ఎర్త్ దాకా పాకి స్పీకర్లలో జుమ్మంటోంది. తీగ రెండో కొస ఊరి కరెంటు లైనుకి కొక్కెంతో వేలాడుతోంది. అడవి పందులకు పెట్టిన తీగ.

ఆ చేను రాఘవయ్య గారిదే. కౌలుకి చేసేది వీరభద్రం.

"కంకి పాలు పట్టిందండీ. పందులు ఒక్క రాత్రిలో ఎకరం దున్నేస్తాయి" అన్నారు నెమ్మదిగా. "ఈ వైపు చాలామంది పెడతారు. తెల్లారగానే తీసేస్తారులెండి."

"తెల్లారగానే అంటే ఎన్నింటికి?"

"ఆరు, ఆరున్నర..."

"భద్రమ్మ వాళ్లు ఎన్నింటికి వస్తరు రాఘవయ్య గారూ? ఏ గట్టు మీద నుంచి వస్తరు?"

ఆయన మొహం చూడాలనిపించలేదు. టార్చ్ పక్కకి తిప్పాను. ఆయన చేతికర్ర కింద పడిన చప్పుడు వినిపించింది. గంట క్రితం ఆ హమ్ గొంతు నొక్కింది నేను. ఆ టీ తాగేసి బస్సెక్కి ఉంటే, రేపు తెల్లవారుజామున గంపలు పట్టుకుని పిల్లలు ముందు నడిచేవాళ్లు.

"వీరభద్రం!" అని ఆయన వేసిన కేక చేను అవతలి దాకా పోయింది. వీరభద్రం పరుగున వచ్చాడు, తుండుగుడ్డ భుజాన వేసుకుని.

"ఏంది సారూ, గిట్ల చీకట్ల వచ్చిండ్రు? గటు పోకుండ్రి, తీగ ఉంది."

"తీగ ఉందని నీకు తెలుసు, నాకు తెలిసింది. గూడెం వాళ్లకి చెప్పావా?"

"గీ దారిన ఎవరొస్తరు సారూ? మూడు వారాల సంది పెడుతున్న, కుక్క గూడ రాలే."

"రేపు వస్తారు. వాగు అవతలికి ఇప్పపువ్వుకి. భద్రమ్మ, వాళ్ల పిల్లలు, అందరూ."

వీరభద్రం తుండుగుడ్డ చేతిలోకి తీసుకుని, "అవ్ సారూ, పువ్వు రాలే దినాలే... నాకు యాదికే లేదు" అన్నాడు. ఒక్కసారి చేను వైపు చూశాడు. "మరి నా పంట?"

"మంచె వేయిస్తా. డబ్బాలు కొట్టడానికి ఇద్దరు మనుషుల్ని నేను పెడతా. ముందు ఆ కొక్కెం తియ్యి. మళ్లీ ఈ చేలో తీగ కనపడితే నీ మీద కాదు, నా మీద నేనే కేసు పెట్టించుకుంటా."

ఎండు వెదురుగడతో వీరభద్రం కొక్కెం తప్పించాడు. నా చేతిలోని రేడియో టక్కున ఆగిపోయింది. అప్పుడే గోదావరి వైపు నుంచి కప్పల అరుపులు వినపడ్డాయి. అంతసేపూ అవి అరుస్తూనే ఉన్నాయి కాబోలు. టార్చ్ పెట్టి తీగంతా చుట్టించేదాకా నేను అక్కడ నుంచి కదల్లేదు. రాఘవయ్య గారు లైన్‌మన్‌కి తనే ఫోన్ చేసి, తన చేలోనే దొరికిందని చెప్పుకున్నారు. ఆ చెప్పుకోవడం ఆయనకు తేలిక కాదు.

ఇంట్లోకి వచ్చి నేను చేసిన మొదటి పని, ప్లగ్గు విప్పి పీకేసిన ఎర్త్ వైరు మళ్లీ బిగించడం. మెయిన్ వేయించి సర్వర్ ఆన్ చేశాను. మూడో పిన్ను ఉన్నా హమ్ లేదు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది, ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరాను.

ఆ తర్వాత ఎన్నో సర్వర్లు కట్టాను. హైదరాబాదు నుంచి కూడా వచ్చి కట్టించుకున్నవాళ్లున్నారు. ఎవరి ఇంట్లోనూ ఎర్త్ వైరు పీకలేదు, నా దగ్గర పనిచేసిన ఎవరినీ పీకనివ్వలేదు. హమ్ వస్తే ఎక్కడిదో తెలిసేదాకా అక్కడే కూర్చున్నాను. ఎన్ని బస్సులు పోయినా సరే. మా పనిని పైసలున్నవాళ్ల సరదా అంటే నేను వాదించను, ఈ సంగతి ఒక్కటి చెప్తాను. అంత శుభ్రంగా పలికే పెట్టె ఆ గదిలో లేకపోతే ఆ తీగ గురించి మాకు తెలిసేదే కాదు.

ఆ ఉదయం బస్సు భద్రాచలం చేరకముందే రాఘవయ్య గారి ఫోన్ వచ్చింది.

"మాస్టారూ, పాట ఆపాను. ఫోన్ స్పీకరు దగ్గర పెడుతున్నా. వినండి" అన్నారు.

చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ఏమీ వినపడలేదు. నేను కట్టిన నిశ్శబ్దం, పూర్తిగా. ఆ నిశ్శబ్దంలో గడప అవతల నుంచి ఒక గొంతు వచ్చింది.

"అయ్యా, పువ్వు బాగ దొరికింది. గంప ఏడ దింపాలె?"