దిబ్బ మీది కలివిపండ్లు

దయ్యం అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. కోలారు పక్కన తమక అనే ఊళ్లో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. తాయెత్తు కట్టించే తల్లులతో స్టాఫ్‌రూమ్‌లోనే పోట్లాడినదాన్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా నాయనది ఆండర్సన్‌పేట. బంగారు గనిలో, భూమి లోపల, వయసంతా పని చేశాడు. గని మూసేసేనాటికి ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే. పది అడుగులు వేస్తే ఆయాసం, ఆగని దగ్గు.

లోపల ఇద్దరిద్దరు జతగా పని చేసేవాళ్లు. నాయన జత మునిసామి. క్యారియర్ విప్పితే ఒకరికి పెట్టకుండా ఒకరు తినేవాళ్లు కాదు. నేను అయిదో తరగతిలో ఉండగా లోపల బండ పేలి మునిసామి చచ్చిపోయాడు. ఆ రోజు నాయన జ్వరమని పనికి పోలేదు.

కోలారుకు కొంచెం దూరంలో ఒక పెద్ద చెరువుంది. వానలు బాగా పడిన ఏడు దాని నడుమనున్న దిబ్బ దీవి అయిపోతుంది. సెలవు దొరికితే ఇద్దరూ అక్కడికి పోయి, చేపల పులుసు వండుకొని, కలివిపండ్లు కోసుకు తినేవాళ్లట. చచ్చేలోపల ఒక్కసారి ఆ దిబ్బ ఎక్కాలని నాయన ఆశ. ఒకతను జనాన్ని పుట్టిలో అక్కడికి తీసుకుపోయి, బండలెక్కించి, భోజనం పెట్టి తెస్తున్నాడని తెలిసింది. నాయన దగ్గు సంగతి ముందే చెప్పి ఒప్పించాను.

తీరా గట్టు మీదికి పోయాక, ఆ దగ్గు విని, "పెద్దాయన వద్దు, మిగతావాళ్లు భయపడతారు," అన్నాడు ఆ ట్రిప్పులవాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు చలించలేదు.

"నువ్వు పోయి రా అమ్మా. నేను ఈడే కూర్చోనుంటా. వచ్చేటప్పుడు నాలుగు కలివిపండ్లు తీసుకోని రా," అన్నాడు నాయన.

నేను ఆగిపోవాల్సింది. పోయాను.

చెరువులో ఉన్నవి రెండే పుట్లు, రెండింటిలోనూ మేమే. దిబ్బ అందంగానే ఉంది. బండల మీద రెక్కలారబెట్టుకునే నీటికాకులు, చేతికందే ఎత్తులో కలివిపొదలు. పశువుల దొంగలతో పోరాడి చచ్చినవాళ్లకు నిలబెట్టిన వీరగల్లులు మూడున్నాయి. వాటి దగ్గర నిలబడి ట్రిప్పులవాడు, చచ్చినవాళ్లు మిట్టమధ్యాహ్నం లేచి తిరుగుతారని చెప్పి అందరినీ నవ్వించాడు. జబ్బు మనిషిని ఎండలో వదిలేసి వచ్చి నీకు దయ్యాల కథలు కావాలా అని, భోజనాల దగ్గర రాగిముద్ద పళ్లెం పక్కకు తోసేసి మళ్లీ పోట్లాడాను. ఆ కోపంలోనే పుట్టి ఎక్కాను. గట్టు దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది, పండ్లు కోయలేదని.

నాయన తువ్వాలు పరుచుకొని కూర్చున్నాడు. దాని మీద దోసెడు కలివిపండ్లు, నల్లగా మాగినవి. తొడిమల దగ్గర తెల్లటి పాలు ఇంకా ఆరలేదు. ముట్టుకుంటే నా వేళ్లకు జిగురుగా అంటుకున్నాయి.

ఎవరిచ్చారని గద్దించి అడిగాను.

"మునిసామి తెచ్చినాడమ్మా. నువ్వు మరిసిపోతావని వానికి తెలుసంట."

అక్కడే వేరుశనగకాయలు ఉడకబెట్టి అమ్మే ఆమెను నిలదీశాను. పెద్దాయన కూర్చున్న చోటు నుంచి లేవలేదని, ఆయన దగ్గరికి ఎవరూ రాలేదని, తనలో తాను మాట్లాడుకుంటున్నాడని చెప్పింది. నమ్మక, గట్టు పొడుగునా తిరిగి వెతికాను. అంతా తుమ్మచెట్లే. కలివిపొద ఒక్కటి లేదు.

నేను తిరిగొచ్చేసరికి నాయన పండ్లను రెండు వాటాలు చేసి, ఒక వాటా తింటున్నాడు. రెండోది నాకేమోనని చెయ్యి చాపాను.

"అది నీకు గాదమ్మా," అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

నాలుగు నెలలకు నాయన పోయాడు. ఆ ట్రిప్పులవాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటాను. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ పండ్లు ఎలా వచ్చాయో మాత్రం నాకు తెలియదు. తెచ్చింది నేను కాదు, అంతే తెలుసు. నేను తేలేదన్న ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలి?