సోమవారం పదింటికి

చల్లపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు చొక్కా నీటుగా టక్ చేసుకుని, నల్ల బూట్లు వేసుకుని, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూకా అని అడిగాను.

"కాదండీ, పోలీస్ స్టేషన్‌కి. బెయిల్ మీదున్నాను. ప్రతి సోమవారం పదింటికి సంతకం పెట్టాలి."

నాకు తెలియకుండానే నా బ్యాగు దగ్గరికి లాక్కున్నాను. అతను చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.

కాసేపటికి తనే చెప్పాడు. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు ఖాళీగా తిరిగాడట. ఫ్రెండుతో కలిసి ఎవరిదో బైకు ఎత్తుకెళ్లాడట.

"తప్పేనండీ. ఎవర్నీ అనను."

"మరి ఈ బూట్లు, ఫైలు?"

"ఇంటర్వ్యూల కోసం కొన్నానండీ. ఎవరూ పిలవట్లేదు. టైముకి రమ్మనేది ఆ స్టేషనొక్కటేగా!"

అతను దిగాల్సిన ఊరు వచ్చింది. జేబురుమాలుతో బూట్లు తుడుచుకుని లేచి, "టక్ సరిగ్గా ఉందాండీ?" అని అడిగాడు. వెనకవైపు చొక్కా బయటికొచ్చింది. నేనే సర్దాను.

పదికింకా ఇరవై నిమిషాలుంది. అయినా ఆలస్యమైనవాడిలా పరుగందుకున్నాడు.

ఆ తర్వాత చాలా సోమవారాలు గడిచాయి. పదయ్యేసరికి, అతను ఇంకెక్కడో, ఏ ఆఫీసు హాజరు పట్టీలోనో సంతకం పెడుతూ ఉండాలని అనుకుంటాను.