కుట్టు లేని తెల్ల గౌను

2011 జూన్‌లో నేను పేట్ బషీరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ హెడ్‌గా చేరాను. అంతకు ముందు పందొమ్మిదేళ్లు గుండ్లపోచంపల్లి దగ్గర చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేశాను. కొత్త ఉద్యోగంలోనూ బట్టలే, కాకపోతే వాటిని ముట్టుకోవడానికి లేదు.

కంప్యూటర్‌లో ఒక లోకం ఉంటుంది. దేశదేశాల మనుషులు అందులో తమకో బొమ్మను తయారు చేసుకుని, దాన్ని నడిపించుకుంటూ తిరుగుతారు. ఇళ్లు కట్టుకుంటారు, స్నేహాలు చేసుకుంటారు, పెళ్లిళ్లు కూడా చేసుకుంటారు. ఆ బొమ్మలకు బట్టలు, గాజులు, చెప్పులు, చేతిసంచులు తయారు చేయడం మా కంపెనీ పని. మొదటి రోజు విన్నప్పుడు, ఇదేం చోద్యం, బొమ్మ బట్టలకు చెకింగా అనుకున్నాను. నన్నెందుకు తీసుకున్నారో వారం తిరక్కుండానే అర్థమైంది. అక్కడున్న పిల్లలందరికీ కంప్యూటర్ కొట్టినపిండే గానీ, మోచేయి మడిస్తే గుడ్డ ఎక్కడ ముడత పడుతుందో ఒక్కరికీ తెలియదు.

పని పద్ధతి ఇదీ. డిజైనర్ బట్ట ఆకారం తయారు చేసి, దాని మీద నేత, రంగు, కుట్లు ఉన్న చిత్రాన్ని అతికిస్తాడు. అక్కడ కుట్టు నిజంగా దేన్నీ కలపదు. అయినా గీయాలి. కుట్టు కనపడితేనే చూసేవాడి కన్ను అది గుడ్డ అని నమ్ముతుంది, లేకపోతే రంగు పూసినట్టుంటుంది. అందుకే నేను తయారు చేసిన చెక్‌లిస్టులో మొదటి అంశం ‘కుట్టు కనపడాలి’, రెండోది ‘కుట్లన్నీ ఒకే పొడవుండాలి’. ఆ తర్వాత ఇంకో పన్నెండు. శాంపిల్ టీమ్ లీడర్ శ్రీకాంత్ చేతి మీదుగా నా దగ్గరికి వస్తుంది. నేను పాస్ చేయాలి, లేదా రిజెక్ట్ చీటీ రాయాలి. కొత్తగా చేరినవాళ్లకు ఆరు నెలల ట్రయల్. ఆ ఆరు నెలల్లో మూడు రిజెక్ట్ చీటీలు పడితే ఉద్యోగం పక్కా కాదు, ఇంటికి పోవాల్సిందే. ఆ నిబంధన నేనే పట్టుబట్టి పెట్టించాను. వెనక నన్ను ‘రిజెక్ట్ మేడం’ అనేవాళ్లు. తెలిసినా పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే ఉండేది.

బట్టను ఒక్కచోట చూస్తే చాలదు. ఎండలో ఒకలా, మంచులో ఒకలా, దీపాల వెలుగులో ఇంకోలా కనపడుతుంది. అందుకని నాకూ ఒక బొమ్మ కావాల్సి వచ్చింది. మా పిల్లలు మొదట సన్నగా ఇరవై ఏళ్ల పిల్లను చేసి పెట్టారు. “గీమె ఎవరో నాకు తెల్వదు, నన్ను నాలెక్క చేయుండ్రి” అని గొడవ పెట్టుకుని, లావుపాటి ఒళ్లు, నేత చీర, కళ్లద్దాలు పెట్టించుకున్నాను. మేడ్చల్ దాటి పెద్దగా ఎక్కడికీ పోని మనిషిని, ఆ బొమ్మతో ఇసుక ఎడారులు తిరిగాను, మంచు కొండలెక్కాను, సముద్రం అడుగున కట్టిన ఊళ్లో మెట్లు ఎక్కుతూ దిగుతూ లంగా అంచు కాళ్లలోకి దిగిపోతుందేమో చూశాను. ఇష్టంగా చేశాను ఆ పని.

రజియా అదే జూన్‌లో చేరింది. శామీర్‌పేట అవతల ఒక పల్లె. రోజూ బస్సు, ఆటో మారి వచ్చేది. మాట తక్కువ, పనితనం ఎక్కువ. ముఖ్యంగా తెలుపు ఆమెకు బాగా పట్టుబడింది. తెలుపు మీద నీడలు సరిగ్గా వేయడం మా పనిలో అన్నిటికన్నా కష్టం. అయినా నవంబరు నాటికి ఆమెకు రెండు చీటీలు పడ్డాయి. ఒకటి చెప్పు పట్టీ పాదంలోకి దిగిపోయినందుకు, రెండోది దుపట్టా అంచు తెగినట్టు కనపడినందుకు. రెండూ న్యాయమైనవే. ఇంట్లో వాళ్ల నాయిన షరతు పెట్టాడని శ్రీకాంత్ చెప్పాడు. నౌకరీ పక్కా అయితే చేయాలి, కాకపోతే ఇగ ఇంట్లోనే ఉండాలి. ట్రయల్ ముగియడానికి మూడు వారాలుంది.

అప్పుడు ఆ ఆర్డర్ వచ్చింది. వేరే దేశంలో ఉన్న ఒక పెద్దాయన పంపాడు. ఆయనా, ఆయన భార్యా ఆ లోకంలో ఒక చెరువు పక్కన ఇల్లు కట్టుకుని ఏళ్లుగా అందులో తిరిగేవారు. అంతకు ముందు నెల ఆమె నిజంగానే చనిపోయింది. ఆ లోకంలోని స్నేహితుల కోసం అక్కడ కూడా వీడ్కోలు జరపాలని ఆయన కోరిక. ఆమె బొమ్మను పడవలో పడుకోబెడతారు. అందరూ చూశాక ఆయన ఆ బొమ్మను ఆఖరిసారి మూసేస్తాడు, మళ్లీ తెరవడు. దానికి పొడవాటి తెల్ల గౌను, తలకు పూలపట్టీ కావాలి. శనివారం మన టైములో పొద్దున పదకొండింటికి కార్యక్రమం. తెలుపు గనక శ్రీకాంత్ పని రజియాకు ఇచ్చాడు.

గురువారం మధ్యాహ్నం శాంపిల్ వచ్చింది. ఆ చెరువు దగ్గరికే తీసుకెళ్లి చూశాను. గుడ్డ పడిన తీరు చూస్తే కన్ను తిప్పుకోబుద్ధి కాలేదు. కానీ భుజం దగ్గర కుట్టు లేదు, పక్కల లేదు, కింద అంచు మడత కూడా లేదు. రజియాను పిలిచాను.

“ఏందమ్మా గిది? కుట్టు లేకుంట బట్టెట్ల నిలుస్తది?” అన్నాను. ఆమె తలవంచుకుని, “గిట్లనే ఉండనీయుండ్రి మేడం” అంది. కుదరదన్నాను. సరే గీస్తానని పోయింది. గంట తర్వాత అదే ఫైలు మళ్లీ వచ్చింది, ఒక్క గీత కూడా మారలేదు. నాకు ఒళ్లు మండింది. చేతకాకపోతే నేర్పిస్తాను గానీ చెప్పిన మాట వినకపోతే ఊరుకునే రకం కాదు నేను. కారణం అడగలేదు. మూడో చీటీ రాసి సంతకం పెట్టాను. శ్రీకాంత్ ఇంకో డిజైనర్‌తో అరగంటలో కుట్లు గీయించాడు. అది పాస్ చేసి పెద్దాయనకు పంపించాం.

శుక్రవారం రజియా రాలేదు. చీటీ అందినట్టు ఆమె సంతకం కావాలి. పోస్టులో పంపొచ్చు, కానీ ముఖం మీద రెండు మాటలు చెప్పి రావాలనిపించి కాగితం పట్టుకుని శామీర్‌పేట బస్సెక్కాను. అక్కడ ఆటో దిగి అడిగితే ఇల్లు చూపించారు. రజియా లేదు. పక్క వాడకట్టులో ఒక ముసలామె చనిపోయిందనీ, తల్లీ కూతుళ్లు అక్కడే ఉన్నారనీ అన్నారు. వాకిట్లో కూర్చున్నాను. చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు, చేతులు తడితడిగా.

తల్లి పేరు ఖైరున్ బీ. ఊళ్లో ఆడవాళ్లెవరు చనిపోయినా స్నానం చేయించి కఫన్, అంటే శవానికి చుట్టే తెల్లగుడ్డ, కట్టేది ఆమేనట. రజియా చిన్నప్పటి నుంచి గుడ్డ ఒక కొస పట్టుకుని సాయం చేసేది. ఖైరున్ బీ మిగిలిన తెల్లగుడ్డ ముక్కను దండెం మీద ఆరేసింది. ఎక్కడా కుట్టు లేదు. చూస్తూ ఉండగానే నాకు ఆ తెల్ల గౌను గుర్తొచ్చింది.

“కఫన్‌కు కుట్టుండదామ్మా?” అని అడిగాను.

“ఉండదమ్మా. కుట్టు బతికున్నోళ్లకు. నడవాలె, వంగాలె, పనిజేయాలె గద” అంది ఖైరున్ బీ. తర్వాత కూతురి వైపు చూసి, “గా దేశపామె మావోళ్లామె గాదు, వాళ్ల రివాజు వేరే ఉంటది, గీసెయ్యి పాగల్ అని నిన్నటి సంది తిడుతనే ఉన్న. ఇంటే గద!” అంది.

రజియా అప్పుడు నోరు విప్పింది. “రివాజని గాదు మేడం. పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆడలే. చెప్తే నవ్వుతరనుకున్న. కంప్యూటర్ బొమ్మకు కఫన్ ముచ్చటేంది అంటరని.”

నాకు సిగ్గేసింది. చెప్పకపోవడం ఆమె తప్పు కాదు. నేను అడిగి ఉంటే చెప్పేది. నా సంచిలోని కాగితం తీయలేదు. ఈ సంగతి ఆ పెద్దాయనకు రాయొచ్చా అని అడిగాను. తలూపింది. పొద్దున ఆఫీసుకు రమ్మని చెప్పి లేచాను.

సాయంత్రం ఆఫీసుకు తిరిగొచ్చి శ్రీకాంత్‌తో ఉత్తరం రాయించాను, నా ఇంగ్లీషు అంతంత మాత్రం గనక. కుట్లు లేని గౌను కూడా దానితో పంపాం. దానికి కుట్లు ఎందుకు లేవో ఉన్నదున్నట్టు రాశాం. ఏది కావాలో ఆయన ఇష్టం. ఆయన కుట్లు లేనిదే ఎంచుకుంటాడని నా మనసు గట్టిగా చెప్పింది. రాత్రంతా ఆ మాటే అనుకుంటూ పడుకున్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు తెరిచేసరికి జవాబు వచ్చి ఉంది. శ్రీకాంత్ చదివి చెప్పాడు. కుట్లు ఉన్నదే కావాలట. ఆయన భార్య నలభై ఏళ్లు ఇంటి ముందు గదిలో కూర్చుని జనం బట్టలు సరిచేసి ఇచ్చేది. వదులు చేయడం, బిగించడం, చిరిగినవి కలపడం, అన్నీ సూదితో, చేత్తో. ఏ బట్ట కొన్నా ముందు తిరగేసి కుట్టు చూసేదట. కుట్టు లేని గౌను వేసి పంపితే నన్ను తిట్టిపోస్తుంది, అని రాశాడు. ఆ అమ్మాయికి నా దండాలు చెప్పండి, ఆమె చూపిన గౌరవం నాకు అందింది, అని కూడా రాశాడు.

రజియా వచ్చింది, జవాబు వినిపించాం. ఆమె తన సీట్లో కూర్చుని, పాస్ అయిన గౌను తెరిచి దగ్గరగా చూసింది. “ఇది మిషన్ కుట్టు మేడం. ఒక్క కుట్టు గీసి వరుసగా అతికించిండ్రు. ఆమె చేతితోని కుట్టినామె. నేను గీస్త” అంది.

టైము చూశాను. తొమ్మిది కావస్తోంది. ఫైలు మార్చి, పెద్దాయన దాన్ని బొమ్మకు తొడగాలంటే పదిన్నర లోపల చేరాలి. ఆలస్యమైతే ఆయనను ఇబ్బంది పెట్టినవాళ్లమవుతాం. అయినా కానివ్వమన్నాను. ఆమె మెడ చుట్టూ, భుజాల మీద, చేతుల చివర, కింద అంచు పొడుగునా ఒక్కో కుట్టు విడివిడిగా గీసింది. నేను వెనక నిలబడి ఉన్నాను. పదీ ఇరవైకి నా ముందు పెట్టింది.

చెక్‌లిస్టు తీశాను. మొదటి అంశం, కుట్టు కనపడాలి: కనపడుతోంది. రెండోది, కుట్లన్నీ ఒకే పొడవుండాలి. లేవు. ఒకటి పొట్టి, ఒకటి పొడవు, వంపు దగ్గర కొంచెం వాలాయి, అచ్చం మనిషి చేతి కుట్టులా. పందొమ్మిదేళ్ల ఫ్యాక్టరీలో గానీ, ఇక్కడ గానీ ఎగుడుదిగుడు కుట్టును నేను పాస్ చేసిన పాపాన పోలేదు. ఆ రోజు చేశాను.

ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి కంపెనీ మనిషి ఒకరు అక్కడ ఉండాలని పెద్దాయన కోరాడు. నా బొమ్మను తీసుకుని చెరువు గట్టు మీద నిలబడ్డాను. చాలామంది వచ్చారు. ఒకామెకు రెక్కలున్నాయి, ఇంకొకరికి నక్క తల ఉంది, నేను నేత చీరలో. ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు. పెద్దాయన నాలుగు ముక్కలు టైపు చేశాడు, శ్రీకాంత్ నా పక్క నుంచి మెల్లగా తెలుగులో చెప్పాడు. నా అలవాటు కొద్దీ గౌను భుజం దగ్గరికి వెళ్లి చూశాను. కుట్లు చక్కగా కూర్చున్నాయి. తర్వాత పడవ కదిలింది. నడిచెరువులోకి పోయాక ఆమె లేదు, పడవ ఒక్కటే ఉంది. గౌను కూడా ఆమెతోనే పోయింది. నా కుర్చీ వెనక రజియా దుపట్టా తల మీదికి లాక్కుంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

సోమవారం రిజిస్టరు తీశాను. సంతకమైన చీటీని రద్దు చేయడానికి ఒక్కటే దారి. ‘చెకింగ్ చేసినవారి పొరపాటు’ అని రాసి, అదే వ్యక్తి కింద సంతకం పెట్టాలి. ఆ గడి నా సర్వీసులో అంతవరకూ ఖాళీగానే ఉంది. రాసి, సంతకం పెట్టి, టీమ్ లీడర్‌కు చూపించాను. డిసెంబరులో రజియా ఉద్యోగం పక్కా అయింది.

చీటీ రద్దు చేసిన ఆ సోమవారమే చెక్‌లిస్టుకు పైన ఒక వాక్యం చేర్చాను: ‘ఏదైనా లేకపోతే, ఎందుకు లేదో చేసినవారిని అడిగి, జవాబు రాసిన తర్వాతే చీటీ రాయాలి.’ 2014లో నేను రిటైరయ్యేదాకా అది మొదటి అంశంగానే ఉంది. అడిగినా రిజెక్ట్ చేయాల్సిన శాంపిళ్లు చాలానే వచ్చాయి, చేశాను. ఆ ఆర్డర్‌లో కూడా కుట్లు కావాలన్న నా మాటే చివరికి సరైంది. అయినా ఆ చీటీ తప్పే. అందులో నేను రాసింది బట్ట గురించి, శిక్ష వేసింది మనిషికి, ఆ మనిషిని ఒక్క ముక్క అడగలేదు.