వచ్చినవాళ్ళందరి ముఖాలు

పోయిన నెల హుజూర్‌నగర్‌లో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. బంతిలో కూర్చొని, బగారా అన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, తెల్లటి లైటు వచ్చి నా ముఖం మీద పడింది. వీడియో తీసే అతను కెమెరాను సరిగ్గా నా మీదే ఆపేశాడు. నోటినిండా అన్నం, కళ్ళు చిట్లించుకొని నేను. "ఏందయ్యా, ముద్ద మింగనియ్యవా?" అని కసిరాను. పక్కన కూర్చున్న మా చిన్నమ్మ "నువ్వు చేసే పనే గద పిల్లా ఆయన చేసేది, ఎందుకంత కోపం?" అని పకపకా నవ్వింది. నిజమే, నేను చేసే పనే. కానీ నాకు ఆ పని నేర్పిన ఎస్తేరక్క, నోట్లో ముద్ద ఉండగా ఏనాడూ ఎవరినీ తీయలేదు. కెమెరా దించి, మింగేదాకా ఆగి, నీళ్ళు తాగుతామంటే తాగనిచ్చి, అప్పుడు తీసేది. లైటు వేడికి చెంప చురుక్కుమంటుంటే ఆమె ఎంత గుర్తొచ్చిందో చెప్పలేను.

దేవరకొండ దాటాక వచ్చే ఒక చిన్న మండల కేంద్రం మాది. పేరు రాయను. అక్కడివాళ్ళకు ఎట్లాగూ తెలుస్తుంది, మిగతావాళ్ళకు తెలియకపోయినా నష్టం లేదు. బస్టాండుకు ఎదురుగా, మెట్లెక్కి పోతే ఎస్తేరక్క ఫోటో స్టూడియో. అది ఆమె భర్త పెట్టింది. ఆయన పోయాక కెమెరాలు అమ్మేసుకొమ్మని అందరూ సలహా ఇచ్చారట. ఆమె అమ్మలేదు. మొదట్లో ఆడవాళ్ళ వేడుకలకే పిలిచేవారు. మగ ఫోటోగ్రాఫరు వస్తే కొంగులు సర్దుకొని బిగుసుకుపోయే ఆడవాళ్ళు, ఈమె ముందు మాత్రం నోరారా నవ్వేవాళ్ళు. ఆ నవ్వులు చూసే పెళ్ళిళ్ళకు కూడా పిలుపులు మొదలయ్యాయి. వాళ్ళమ్మ ఒకప్పుడు నాట్లకు, కలుపులకు కూలికి పోయి, వాకిట్లోనే నిలబడి అన్నం పెట్టించుకున్న ఇళ్ళు కొన్ని ఉండేవి. ఎస్తేరక్క కెమెరా భుజాన వేసుకొని ఆ ఇళ్ళ నట్టింట్లోకి దర్జాగా నడిచిపోయేది. ఆ నడకంటే నాకు ఎంత ఇష్టమో! నేను డిగ్రీ అయిపోయి, ఏ ఉద్యోగమూ రాక, కంప్యూటరు మీద వీడియోలు మిక్సింగ్ చేయడానికి ఆమె దగ్గర చేరాను.

ఆమెకు ఒకటే పట్టుదల. పెళ్ళికి వచ్చిన ప్రతి ముఖమూ వీడియోలో ఉండాలి. తలంబ్రాలు అయ్యాయా, అప్పగింతలు అయ్యాయా అన్నది ఎంత ముఖ్యమో, బంతి బంతికీ తిరగడం కూడా అంతే ముఖ్యం. మా వైపు పెళ్ళి వీడియోలో ఒక మేనమామ కనిపించలేదంటే ఆ తగాదా ఇంకో పెళ్ళి దాకా నడుస్తుంది. అందుకని ఆమె ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలుస్తూ తీసేది. "పెద్దమ్మా, ఇటు చూడు. మల్లయ్య బావా, జర తల లేపు. ఎవల మీద అలిగినవ్?" అలిగినవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

ఒకసారి కొత్తకోటలో పెళ్ళి చేశాం. వారం తర్వాత పెళ్ళికూతురి తండ్రి స్టూడియోకు వచ్చాడు. ఈలోగా ఆయనకూ తమ్ముడికీ పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగిందట. తమ్ముడి కుటుంబాన్ని వీడియోలోంచి తీసెయ్యమన్నాడు. "ఎంతసేపమ్మా, మీ మిషన్ల ఒక్కటి నొక్కితే పోతది గద" అన్నాడు.

"నొక్కితే పోతది అన్నా. కానీ వాళ్ళు వచ్చిండ్రు. మీ బిడ్డ నెత్తి మీద అక్షింతలు ఏసిండ్రు. వచ్చినోళ్ళను రాలేదని నేనెట్ల చెప్పాలె?" అన్నది ఎస్తేరక్క.

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. నేను ఆమె మీద కోప్పడ్డాను. ఇట్లా అయితే మళ్ళీ ఎవరు పిలుస్తారు అని. "పిలువకుంటే పిలువకపోనీ. ఫికర్ చెయ్యకు, చాయ్ తెప్పియ్యి" అన్నది. ఆమెతో వాదించడం దండగ.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. చిన్న ఊళ్ళల్లో నిమజ్జనాలకు, ఎన్నికలకు, ధర్నాలకు పోలీసులు వీడియో తీయించాలంటే పిలిచేది మాలాంటి పెళ్ళి కెమెరావాళ్ళనే. మా స్టేషనువాళ్ళు ఎస్తేరక్కను పిలిచేవారు. ఆమె పోయేది, తీసేది, ఇచ్చేది. ఒక యేడు చెడగొట్టు వానలకు కొనుగోలు కేంద్రంలో రాశులు పోసిన వడ్లన్నీ తడిసి మొలకలొచ్చాయి. తడిసిన వడ్లు కొనేది లేదన్నారు అధికారులు. రైతులు చౌరస్తాలో రాస్తారోకోకు కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్ళలో మా అమ్మ ఉంది. మా వడ్లు కూడా ఆ రాశుల్లోనే ఉన్నాయి మరి. పోలీసుల తరఫున కెమెరా పట్టుకొని ఎస్తేరక్క, బ్యాటరీల సంచి పట్టుకొని నేను, అమ్మకు ఎదురుగా నిలబడ్డాం. నా బాధ ఎవరికి చెప్పుకోను!

"పోలీసోళ్ళ కెమెరా వచ్చింది, మొఖాలు దాచుకోండ్రి" అని ఎవరో అరిచారు. ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు. ఎస్తేరక్క పెళ్ళి బంతిలో తిరిగినట్టే మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. "వదినా, ఇటు చూడు. తాతా, జర తల లేపు." ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన తలకు చుట్టిన తువ్వాల తీసేసి, "తియ్యి బిడ్డా, మంచిగ తియ్యి. నేనేం దొంగతనానికి రాలే" అన్నాడు. అందరూ నవ్వారు. కొంగులు ఒక్కొక్కటే జారాయి. ఆ నవ్వుల మధ్యకే మా తమ్ముడు శేఖర్ నీళ్ళ ప్యాకెట్ల సంచితో వచ్చాడు. వాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష నెగ్గాడు, రాత పరీక్ష పాసయ్యాడు. మీద ఏ కేసులూ లేవని పోలీసులు విచారించి చెప్పడమే మిగిలింది. ఇంట్లో బాపు వాడిని అప్పుడే "జమాన్ సాబ్" అని, ఊళ్ళో పోలీసాయన్ను పిలిచినట్టే పిలుస్తున్నాడు.

ఎండ బాగా ముదిరాక, ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి కానిస్టేబుల్ ఒకాయన కనుబొమ్మ మీద పడింది. రక్తం కారింది. ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బందోబస్తు కోసం వేరే చోటి నుంచి వచ్చిన ఎస్సై ఒకాయన కూర్చున్నవాళ్ళ మీదికి లాఠీ ఎత్తాడు. రాయి విసిరింది నిలబడ్డవాళ్ళయితే, దెబ్బలు పడింది లేవలేక కూర్చున్నవాళ్ళకు. తువ్వాల తీసి అందరినీ నవ్వించిన ఆ తాత వీపు మీద మొదటి దెబ్బ. రెండోది పడబోతుంటే శేఖర్ అడ్డం పడ్డాడు. వాడి మణికట్టు మీద పడ్డ చప్పుడు నాకు వినిపించింది. నేను సంచి పడేసి ఉరకబోయాను. అప్పుడు ఎస్తేరక్క గొంతు చౌరస్తా అంతా వినబడేటట్టు లేచింది.

"సారూ! ఇటు చూడండి!"

ఆయన చూశాడు. ఎత్తిన లాఠీ ఎత్తినట్టే ఉంచి, నేరుగా కెమెరాలోకి. పెళ్ళిలో అందరూ చూసినట్టే చూశాడు. ఒక్క క్షణమే, కానీ ఆ క్షణంలో లాఠీ ఆగింది. తర్వాత నేను అడిగాను, భయం కాలేదా, అట్లా ఎందుకు పిలిచావు అని. "ఆపుమంటే ఆగుతడా? నా నోటికి అలవాటైంది అదొక్కటే పిల్లా, అదే వచ్చింది" అన్నది. ఆ రోజు లాఠీ దిగాక కూడా ఆమె కెమెరా దించలేదు. ఆ తాత వీపు తీసింది, రోడ్డు మీద పడున్న చెప్పులు తీసింది, నెత్తురు తుడుచుకుంటున్న కానిస్టేబుల్‌ను కూడా అంతే శ్రద్ధగా తీసింది.

తెల్లారి తెలిసింది, రాయి విసిరిన కేసులో శేఖర్ పేరు పెట్టారని. దవాఖానలో చేతికి కట్టు కట్టించుకొని వచ్చిన పిల్లగాడు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఇంత అన్నం కూడా ముట్టలేదు. కేసు నిలబడితే ఉద్యోగం పోయినట్టే. బాపు బయట మంచంలో అటు తిరిగి పడుకున్నాడు. నేను ఏడ్చుకుంటూ స్టూడియోకు పోయాను. అప్పటికే అక్కడ ఆ ఎస్సై కూర్చొని ఉన్నాడు.

"రాయి పడ్డదాకా ఇయ్యి చాలు. తర్వాతది తీసెయ్" అంటున్నాడు. ఎస్తేరక్క ఆయనకు చాయ్ పోసి, "సారూ, నేను కోసి ఇయ్యను. పెళ్ళోళ్ళకే ఇయ్యలే. మొత్తం ఇస్త" అన్నది. స్టూడియో ఎట్లా నడుస్తుందో చూస్తానని చెప్పి ఆయన లేచిపోయాడు. ఆ చాయ్ గ్లాసు కడగకముందే రాస్తారోకో నడిపించిన నాయకుడు ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. ఆయన అడిగింది సరిగ్గా దానికి తలకిందులు. "అక్కా, రాయి ముక్క తీసేసి, కొట్టుడు ఒక్కటే ఇయ్యి. టీవీలోళ్ళకు పంపుదాం." ఆయనకూ చాయ్ పోసింది. ఆయనకూ అదే జవాబు.

"అక్కా, నువ్వు మా దిక్కా, పోలీసుల దిక్కా?" అని ఆయన గట్టిగా అడిగాడు.

"రాయి పడ్డది. ఆ కానిస్టేబులు గూడ ఒక తల్లి కొడుకే గద. అది తీసేస్తే, తాత వీపు గూడ అబద్ధమే అంటరు" అన్నది.

ఆయన పోయాక నేను తలుపు దగ్గరికి వేసి, కంప్యూటరులో ఆ ముక్క పెట్టాను. మళ్ళీ పెట్టాను. మా అందరి అదృష్టం ఏమిటంటే, రాయి గాలిలో ఉన్నప్పుడు ఎస్తేరక్క ఇంకా వరస ముఖాలే తీస్తూ ఉంది. ఒక మూలన, గుంపు వెనక, పచ్చ అంగీ పిల్లగాడి చెయ్యి లేస్తుంది. ఇంకో మూలన మా శేఖర్ కింద కూర్చొని, నీళ్ళ ప్యాకెట్ పంటితో కొరికి ఒక అవ్వ నోటికి అందిస్తున్నాడు. నాయకుడు తీసెయ్యమన్న ముక్కలోనే మా తమ్ముడి బతుకు ఉంది. నేను కేక పెట్టాను. ఆ ఒక్క ముక్కా ఊరందరి ఫోన్లకూ ఆ నిమిషమే పంపుదామన్నాను.

"నీ తమ్ముని ముక్క ఒక్కటే పంపితే, అక్క గద, కోసి అతికిచ్చిందంటరు. మొత్తం ఇద్దాం. ఎవడు కాదంటడో చూద్దాం" అన్నది ఎస్తేరక్క. అదే చేసింది. స్టేషనుకు, నాయకుడికి, శేఖర్ కోసం మేం మాట్లాడుకున్న వకీలుకు, ముగ్గురికీ మొదటి నుంచి చివరి దాకా ఒకే వీడియో.

విచారణకు పై ఆఫీసరు ఒకాయన వచ్చాడు. మా స్టూడియోలోనే, మా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని మొత్తం చూశాడు. ఎస్సై కెమెరాలోకి చూసిన చోట ఆపించాడు. ఎస్తేరక్క వైపు తిరిగి అడిగాడు.

"ఏమ్మా, మావాళ్ళు కిరాయికి పెట్టుకున్న కెమెరా గదా నీది?"

"అవు సార్. అందుకే మంచిగ తీసిన" అన్నది ఎస్తేరక్క.

ఆయన నవ్వు ఆపుకున్నాడో, సిగ్గుపడ్డాడో నాకు అర్థం కాలేదు. శేఖర్ పేరు కేసులోంచి తీసేశారు. ఆ వార్త విని బాపు మంచంలోంచి లేచి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తడిసిన వడ్లు తరుగు తీసి కొన్నారు. ఎస్సైని వేరే చోటికి బదిలీ చేశారు. అంతకు మించి ఏం చేశారో నాకు తెలియదు. నాకది చాలలేదు, ఇప్పటికీ చాలదు. పచ్చ అంగీ పిల్లగాడి మీద కేసు నడిచింది. వాళ్ళమ్మ బస్టాండులో ఎస్తేరక్కను నోటికొచ్చినట్టు తిట్టింది. ఎస్తేరక్క తల వంచుకొని అంతా విన్నది. ఎదురు చెప్పబోయిన నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "ఆమె దుఃఖం ఆమెది, అననియ్యి" అన్నది. చాలా కాలం స్టేషను నుంచి పిలుపు రాలేదు. మళ్ళీ ఒక నిమజ్జనానికి వాళ్ళే వచ్చి పిలిచారు. ఆమె ఏమీ జరగనట్టే కెమెరా తుడుచుకొని బయలుదేరింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఎస్తేరక్క పోయింది. నల్లగొండ దవాఖాన నుంచి ఫోన్‌లో నాతో మాట్లాడిన ఆఖరి మాట కూడా, ఎవరి ఎంగేజ్‌మెంట్ వీడియోనో ఇవ్వలేదు, గుర్తుపెట్టుకొని ఇయ్యి అని. స్టూడియో ఇప్పుడు నేను నడుపుతున్నాను. పోలీసులు పిలిస్తే నేనే పోతాను.

పోయినేడు మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళు తమ జీతాల కోసం ధర్నాకు దిగారు. స్టేషనువాళ్ళు పిలిస్తే కెమెరాతో వెళ్ళాను. తాడు పట్టుకొని నిలబడ్డ పోలీసుల వరసలో మా శేఖర్ ఉన్నాడు, చేతిలో లాఠీతో. వండే అమ్మలందరి ముఖాలూ ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చి, అదే వరసలో పోలీసుల ముఖాలు కూడా తీశాను. వాడి ముందు ఒక్క క్షణం కూడా తక్కువ ఆగలేదు, ఎక్కువా ఆగలేదు. ఆడవాళ్ళు తోసుకొచ్చినప్పుడు తాడు బిగిసింది, అరుపులు పెరిగాయి. శేఖర్ లాఠీని చంకలో ఇరికించుకొని, కింద పడబోయిన ఒకామెను రెండు చేతులా పట్టి నిలబెట్టాడు. ఎవరికీ దెబ్బ తగలకుండా ధర్నా ముగిసింది.

ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాం. వాడు కంచం వైపు చూస్తూనే అన్నాడు.

"అక్కా, నువ్వు తీస్తున్నవని కాదు. నువ్వు లేకున్నా నేను గట్లనే నిలబడుతుంటి."

"నాకు తెల్సురా" అన్నాను. "అయినా తీస్తనే ఉంట."